గోదావరి పాయల్లో బ్యాటరీ పడవ: చెడేదేమిటి, బాగుచేసేదెవరు

క్లుప్తంగా

బ్యాటరీ పడవలో మోటారు కంటే ముందు దెబ్బతినేవి కంట్రోలరు (మోటారుకు కరెంటు అందించి అదుపు చేసే పెట్టె), ఆయిల్ సీలు (నీరు లోపలికి పోకుండా ఆపే రబ్బరు చుట్టు), వైర్ల అతుకులు. డెల్టాలో వీటికి గండం గుర్రపుడెక్కతో, ఉప్పునీటితో, మూసిపెట్టిన పెట్టెలో వేడితో. రొయ్యల చెరువుల పుణ్యమా అని మోటారు లోపలి రాగి చుట్టలు చుట్టే వైండింగ్ పనివాళ్లు, బ్యాటరీ ఆటోల పుణ్యమా అని కంట్రోలరు తెలిసిన మెకానిక్‌లు ఇక్కడ ఇప్పటికే ఉన్నారు. పడవ ఎన్నాళ్లు రేవులో కట్టేసి ఉంటుందన్నది వాళ్లు విప్పగలిగే మోటారు కొన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇంజను లేదు సరే, మిగతావి ఉన్నాయి

"ఇంజనే లేనప్పుడు రిపేరెక్కడిది?" బ్యాటరీ పడవల గురించి తరచూ వినిపించే మాట ఇది. ఇందులో సగం నిజం. డీజిల్ ఇంజనులో పిస్టను, వాల్వులు, ఇంజెక్టరు, డీజిల్ పంపు, గేర్లు కలిపి కదిలే భాగాలు డజన్ల కొద్దీ ఉంటాయి. బ్యాటరీ మోటారులో తిరిగేది ఒక్క రోటరు, దాన్ని మోసేవి రెండు బేరింగులు. ఆయిలు మార్చక్కర్లేదు, నాజిల్ కడగక్కర్లేదు.

అయితే పడవను నడిపేది మోటారు ఒక్కటే కాదు. బ్యాటరీ, దాన్ని కాపలా కాసే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్), ఫ్యూజు, కేబుళ్లు, కంట్రోలరు, వేగం పెంచి తగ్గించే థ్రాటిల్, మోటారు, షాఫ్టు, నీటిని తోసే ఫ్యాను అన్నీ ఒక గొలుసు. అందులో ఏ ముడి ఊడినా ఒడ్డుకొచ్చాక చెప్పే మాట మాత్రం ఒకటే: "మోటారు కాలిపోయింది." ఆ మాట పట్టుకుని మోటారు విప్పేయడంతోనే సగం ఖర్చు వృథా అవుతుంది.

లోతట్టు జలమార్గాల్లో తిరిగే పడవలను కాలుష్యం లేని ఇంధనాల వైపు మళ్లించేందుకు కేంద్రం 2024 జనవరిలో 'హరిత్ నౌక' మార్గదర్శకాలు విడుదల చేసింది. కోరింగ మడ అడవుల్లో తిరిగే పడవలు, దిండి వైపు హౌస్‌బోట్లు, లంకలకు మనుషుల్ని దాటించే చిన్న పడవలు, ఇలా డెల్టాలో బ్యాటరీ సరిపోయే చోట్లు చాలానే ఉన్నాయి. అందుకే చెడిపోయాక సంగతి ముందే తెలుసుకోవాలి.

ఒకే నది, మూడు రకాల నీళ్లు

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. కాలువల్లో ఉండేది మంచినీరు. యానాం, ఓడలరేవు, అంతర్వేది వైపు పోయేకొద్దీ ఉప్పు కలుస్తుంది. వేసవిలో బ్యారేజీ నుంచి కిందికి నీరు సన్నగిల్లితే పోటుతో పాటు ఆ ఉప్పు పాయల్లోకి ఇంకా పైకి ఎగబాకుతుంది. జులై, ఆగస్టు నెలల్లో అదే పాయలో ఒండ్రుమట్టితో ఎర్రనీరు పారుతుంది.

మోటారు తయారీదారు ఇచ్చే పుస్తకంలో సాధారణంగా రెండు మాటలే ఉంటాయి: మంచినీటికైతే ఇలా, సముద్రపు నీటికైతే అలా. డెల్టా పడవకు రెండూ వర్తిస్తాయి. ఉదాహరణకు మోటారు ఒంటికి బిగించే బలి లోహపు ముక్క, అంటే యానోడ్. అల్యూమినియం ఒళ్లు, స్టీలు షాఫ్టు ఒకే ఉప్పునీటిలో ఉంటే రెండింటి మధ్య సన్నని కరెంటు పుట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. యానోడ్ ఆ కోతను తన మీద వేసుకుని ముందు తాను కరుగుతుంది. జింకు యానోడ్ ఉప్పునీటిలో బాగా పనిచేస్తుంది కానీ మంచినీటిలో దాని మీద పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. మెగ్నీషియం మంచినీటికి సరిపోతుంది, ఉప్పునీటిలో మాత్రం చూస్తుండగానే కరిగిపోతుంది. ఆరు నెలలు అదీ, ఆరు నెలలు ఇదీ తాగే పడవకు అల్యూమినియం మిశ్రమ యానోడే నప్పుతుంది. ఇంత చిన్న ముక్క అడిగి తెప్పించుకోకపోతే కవచం చిల్లులు పడి మోటారు మొత్తం పోతుంది.

ఎర్రనీటి సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ప్రవాహంలో చిన్న బ్యాటరీ మోటారుతో బయల్దేరడమే తప్పు. 55 పౌండ్ల రకం అని అమ్మే 12 వోల్టుల మోటారు తోసేది సుమారు 25 కిలోల బలంతో, లాగేది 50 ఆంపియర్ల దాకా. అంటే 600 వాట్లు. కాలువకు, నిలకడ నీటికి అది చాలు. వరద గోదారికి చాలదు. అంతకన్నా తక్కువ ప్రవాహంలోనూ ఒండ్రు నీరు ఒక పని చేస్తుంది: షాఫ్టు చుట్టూ ఉన్న సీలు పెదవి కింద ఇసుక కాగితంలా రుద్దుతుంది.

ఫ్యాను పట్టేసినప్పుడు

కాలువల్లో అసలు శత్రువు గుర్రపుడెక్క. దాని వేళ్లు పీచులా ఫ్యాను చుట్టూ బిగుసుకుంటాయి. డీజిల్ ఇంజనైతే ఇలాంటప్పుడు గొంతు మారుస్తుంది, పొగ కక్కుతుంది, చివరికి ఆగిపోతుంది. ఆగిపోయాక దానికి వచ్చే నష్టం పెద్దగా లేదు. బ్యాటరీ మోటారు తీరు దీనికి తలకిందులు. ఆగిపోయిన మోటారే అందరికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది.

తిరిగే మోటారు లోపల జనరేటరు కూడా దాగి ఉంటుంది. అది పుట్టించే వోల్టేజీ బ్యాటరీకి ఎదురు నిలబడి కరెంటును అదుపు చేస్తుంది. ఫ్యాను ఆగిన క్షణం ఆ ఎదురు వోల్టేజీ సున్నా. ఇక అడ్డుగా మిగిలేది వైండింగులోని కొద్దిపాటి రెసిస్టెన్సు మాత్రమే. చవక కంట్రోలర్లు చాలావరకు బ్యాటరీ వైపు వచ్చే కరెంటునే కొలిచి హద్దు పెడతాయి. మీటరులో 20 ఆంపియర్లే కనిపిస్తున్నా, కంట్రోలరు ఎక్కువ వోల్టేజీని తక్కువ వోల్టేజీగా, తక్కువ కరెంటును ఎక్కువ కరెంటుగా మార్చి పంపుతుంది కాబట్టి మోటారు వైర్లలో దానికి మూడు నాలుగు రెట్లు పారుతుండవచ్చు.

కంట్రోలరు లోపల ఆ కరెంటును సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ ఉండేవి మాస్‌ఫెట్లనే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చులు. మోటారు తిరుగుతుంటే మూడు ఫేజుల (మోటారుకు పోయే మూడు వైర్ల) మాస్‌ఫెట్లు వంతులవారీగా బరువు మోస్తాయి. ఆగిపోతే వంతు మారదు, ఒక్క జత మీదే మొత్తం పడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. పైన అల్యూమినియం పెట్టె చేతికి గోరువెచ్చగా తగులుతున్నప్పుడే లోపల ఆ ఒక్క జత కాలిపోతుంది. కాలిన మాస్‌ఫెట్ చాలాసార్లు తెగిపోదు, అతుక్కుపోతుంది, అంటే షార్టయి కరెంటును ఇక ఆపలేదు. డెక్క తీసేసి మళ్లీ థ్రాటిల్ తిప్పితే మోటారు ఒకసారి గజగజలాడి నిలిచిపోవడానికి ఒక ముఖ్య కారణం అదే.

నివారణ పెద్ద విద్య కాదు. శబ్దం మారగానే థ్రాటిల్ సున్నాకు తేవాలి. బ్యాటరీ స్విచ్చు కట్టేశాకే ఫ్యాను మీద చెయ్యి వేయాలి. రెక్కలు వెనక్కి వాలిన ఫ్యానుకు డెక్క తక్కువ చుట్టుకుంటుంది, కొంత తోపుడు తగ్గుతుంది.

ఆటో కంట్రోలరు పడవకు పనికొస్తుందా

చవగ్గా, ఊళ్లోనే దొరుకుతుంది కాబట్టి బ్యాటరీ ఆటో కంట్రోలరును పడవకు బిగించే ఆలోచన సహజంగా వస్తుంది. వోల్టేజీ సరిపోతే నడుస్తుంది కూడా. తేడా బరువు పడే తీరులో ఉంది. ఆటో ఎత్తు ఎక్కేటప్పుడు, కదిలేటప్పుడు కరెంటు తాగుతుంది. పల్లంలో, ట్రాఫిక్‌లో కంట్రోలరు చల్లారుతుంది. పడవకు పల్లం ఉండదు. నీరు ఎప్పుడూ వెనక్కే లాగుతుంది. రేవు నుంచి రేవుకు అరగంటా ఒకే కరెంటు. పైగా ఆటోలో ఇనుప ఫ్రేముకు, గాలి తగిలే చోట ఉండే పెట్టెను పడవలో వాన తగలకుండా చెక్కపెట్టెలో పెట్టి మూత వేస్తారు.

మే నెల ఎండలో ఆ పెట్టె లోపలి సంగతి ఊహించవచ్చు. కంట్రోలరులో కరెంటును కాసేపు నిల్వ చేసే కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. ఆటోలో నాలుగేళ్లు వచ్చే కెపాసిటరు 20 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఏడాదితో సరి. కాబట్టి పెట్టె మీద అచ్చేసిన ఆంపియర్లలో సగం దగ్గరే నిలకడగా వాడుకోవడం, కంట్రోలరును మందపాటి అల్యూమినియం పలకకు బిగించడం తెలివైన పని.

వేగం తగ్గించడం కూడా ఒక రకంగా రిపేరును వాయిదా వేయడమే. చిన్న పడవకు కావలసిన పవరు వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. పవరును సగం చేస్తే వేగం సగం కాదు, సుమారు 80 శాతం నిలుస్తుంది. ఆ చివరి 20 శాతం తొందర కోసమే కంట్రోలరు ఆయుష్షు ఖర్చవుతుంది.

నీరు లోపలికి పోయే దారి

మోటారు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి నీరు పోవడం వింత కాదు, పోకపోవడమే వింత. ఆపేది షాఫ్టు చుట్టూ ఉన్న రబ్బరు పెదవి, మెకానిక్‌ల మాటలో ఆయిల్ సీలు. నదిలో తెగి తేలే నైలాను వల దారం ఫ్యానుకు చుట్టుకుని, మెల్లగా ఫ్యాను వెనక్కి జారి, సీలు కిందికి దూరుతుంది. తిరిగేకొద్దీ వేడెక్కి రబ్బరును కోస్తుంది. పైకి ఏమీ కనిపించదు. వారానికోసారి ఫ్యాను ఊడదీసి వెనక చూస్తే గోరంత దారపు చుట్ట దొరుకుతుంది. తీయడానికి రెండు నిమిషాలు. తీయకపోతే బేరింగులో ఉప్పునీరు.

రెండో దారి కంటికి కనిపించనిది. బాగా పనిచేసి వేడెక్కిన మోటారులో గాలి వ్యాకోచించి ఉంటుంది. ఒడ్డుకు వచ్చి ఆపగానే చుట్టూ ఉన్న నీరు దాన్ని చల్లబరుస్తుంది. లోపలి గాలి కుంచించుకుని బయటి నుంచి పీలుస్తుంది. సీలు కాస్త అరిగి ఉంటే పీల్చేది నీటినే. రోజుకు పది ట్రిప్పులంటే పది గుటకలు.

"ఐపీ67 కదా" అనే భరోసా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఆ ముద్రకు అర్థం మీటరు లోతు నీటిలో అరగంట ఉంచితే హాని కలిగేంత నీరు లోపలికి పోలేదని. ఉప్పు గురించి, ఒండ్రు గురించి, ఏడాది పొడవునా వేడెక్కి చల్లారడం గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు.

ఉప్పునీరు పోయిన మోటారులో అన్నిటికన్నా ముందు పోయేవి హాల్ సెన్సార్లు. రోటరు ఎక్కడుందో కంట్రోలరుకు చెప్పే మూడు చిన్న చిప్పులవి. తర్వాత మాగ్నెట్లు. వాటి మీది నికెల్ పూత చిట్లితే తుప్పుతో ఉబ్బి స్టాటరును, అంటే మోటారులో తిరగని భాగాన్ని గీకుతాయి. రాగి వైండింగు నిజానికి వీటన్నిటికన్నా గట్టి పిండం.

అతుకుల దగ్గర పచ్చ చిలుము

ఎక్కువ ఫిర్యాదులకు, తక్కువ ఖర్చుకు కారణం ఇదే. 12 వోల్టుల మోటారుకు 50 ఆంపియర్లు పంపే కేబులు రానూపోనూ 10 మీటర్లుండి, మందం 6 చదరపు మిల్లీమీటర్లే అయితే దారిలోనే దాదాపు ఒకటిన్నర వోల్టు, 70 వాట్లకు పైగా పోతాయి. 16 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే నష్టం అర వోల్టే. కేబులు చివర ఉండే లగ్గును సుత్తితో కొట్టి బిగించడం, పైన టేపు చుట్టడం ఇంటి వైరింగులో ఎలాగో నెట్టుకొస్తుంది. ఉప్పుగాలిలో ఆ టేపు కింద చెమ్మ నిలిచి రాగి పచ్చబడుతుంది. సరైన క్రింపింగు (లగ్గును పనిముట్టుతో నొక్కి బిగించడం), జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం, వీలైతే తగరం పూసిన రాగి తీగ వాడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

48 వోల్టులకు మారితే అదే పవరుకు కరెంటు నాలుగో వంతు, కేబులు నష్టం పదహారో వంతు. అయితే కొత్త తంటా ఒకటి వస్తుంది. బ్యాటరీ తగిలించగానే కంట్రోలరులోని ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు మింగి టప్పున నిప్పురవ్వ వేస్తాయి. రోజూ ఆ రవ్వ కనెక్టరు ముఖాన్ని గుంటలు పెడుతుంది. ముందు ఒక రెసిస్టరు ద్వారా కెపాసిటర్లను నింపి, తర్వాత అసలు స్విచ్చు వేసే ఏర్పాటు ఉంటే ఆ బెడద ఉండదు.

మోటారా, కంట్రోలరా: చేత్తో తేల్చే పరీక్ష

పనితనం తెలిసిన మెకానిక్ ఇక్కడ మీటరు కంటే ముందు చెయ్యి వాడతాడు. బ్యాటరీ తీసేసి, మోటారుకు వచ్చే మూడు లావు వైర్లు కంట్రోలరుకే బిగించి ఉండగా ఫ్యానును చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే నేరుగా కింది మీటరు పరీక్షకు పోవచ్చు. తేనెలో గరిటె తిప్పినట్టు, ఆగి ఆగి బిర్రుగా వస్తే మూడు వైర్లూ కంట్రోలరు నుంచి ఊడదీసి, ఒకదానికొకటి తగలకుండా పట్టుకుని మళ్లీ తిప్పాలి. ఇప్పుడు తేలికైపోతే తప్పు కంట్రోలరుది: లోపల మాస్‌ఫెట్ అతుక్కుపోయి మోటారు తన కరెంటును తానే తిప్పుకుంటూ బ్రేకు వేసుకుంటోంది. వైర్లు ఊడదీసినా బిర్రుగానే ఉంటే తప్పు మోటారులో: బేరింగు పట్టేసింది, మాగ్నెట్ ఉబ్బింది, లేదా వైండింగు షార్టయింది.

తర్వాత మల్టీమీటరు. డయోడ్ గుర్తు మీద పెట్టి, కంట్రోలరు మైనస్‌కు ఎర్ర ముల్లు, ఒక్కో ఫేజు వైరుకు నల్ల ముల్లు తాకిస్తే 0.4, 0.5 వోల్టుల దగ్గర మూడూ ఒకేలా చూపాలి. ఒకటి సున్నా దగ్గర ఉంటే ఆ ఫేజు మాస్‌ఫెట్ పోయినట్టు. ముళ్లు తారుమారు చేసి ప్లస్ వైపూ అలాగే చూడాలి.

రెండూ బాగానే ఉండి మోటారు వణుకుతూ తిరగనంటే అనుమానం హాల్ సెన్సార్ల మీదికి పోవాలి. సన్న వైర్లలో 5 వోల్టుల సరఫరా వస్తోందా, ఫ్యానును మెల్లగా తిప్పితే మూడు సిగ్నల్ వైర్లూ సున్నాకు, 5కు మధ్య మారుతున్నాయా చూడాలి. ఒకటి కదలకపోతే దోషి దొరికినట్టే. కొత్త హాల్ చిప్పు ఖరీదు ఒక టిఫిన్ ఖరీదుకు మించదు. దాని కోసం మోటారునే పారేసే సందర్భాలు ఉండటం విచారకరం.

మునిగిన మోటారు విషయంలో తొందరే ముప్పు. ఆరిందో లేదో చూడటానికి కరెంటు పెట్టకూడదు. మంచినీటితో కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, కంట్రోలరును పూర్తిగా వేరు చేసి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో వైండింగుకూ ఒంటికీ మధ్య కొలవాలి. ఈ తరగతి వైండింగులకు కనీసం 5 మెగోములు ఉండాలన్నది అంతర్జాతీయంగా వాడే ప్రమాణం. కంట్రోలరు తగిలించి ఉండగా మెగ్గర్ తిప్పితే 500 వోల్టులు దాని ప్రాణం తీస్తాయి.

బాగుచేసేవాళ్లు ఎవరు

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు రొయ్యల చెరువుల నీటికి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. వాటి మోటార్లు ఉప్పు చెమ్మలోనే బతుకుతాయి, చెడతాయి, రీవైండింగు షాపుకు పోయి మళ్లీ చెరువెక్కుతాయి. సీలు మార్చడం, బేరింగు లాగడం, బల్బు వేడితో వైండింగు ఆరబెట్టి వార్నిష్ పట్టించడం ఈ షాపులకు రోజువారీ పని. పడవ మోటారులో వాళ్లకు కొత్తగా తగిలేది మాగ్నెట్ రోటరు. ఏరేటరు రోటరు చేత్తో లాగితే వచ్చేస్తుంది. మాగ్నెట్ రోటరు స్టాటరుకు లటుక్కున అతుక్కుంటుంది, మధ్యలో వేలుంటే నలుగుతుంది. మామూలు రకం నియోడైమియం మాగ్నెట్లు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి కాబట్టి బేరింగు ఊడటానికి గ్యాసు మంట చూపడం ఇక్కడ కుదరదు.

కంట్రోలరు వైపు అనుభవం బ్యాటరీ ఆటో మెకానిక్‌లది. మాస్‌ఫెట్ మార్చడం వాళ్లలో కొందరికి తెలుసు. చిక్కు ఎక్కడంటే, నీరు పోకుండా ఉండాలని పడవ కంట్రోలర్లను ఎపాక్సీ పోసి గడ్డకట్టిస్తారు. నీటికి అది కోట. రిపేరుకు సమాధి. మోటారు, కంట్రోలరు ఒకే గొట్టంలో నీటి కింద ఉండే రకాలు చక్కగా చల్లబడతాయి, చూడముచ్చటగా ఉంటాయి. ఒక్క చిప్పు పోతే మాత్రం మొత్తం పార్సిలు కట్టి దూరపు సర్వీసు సెంటరుకు పంపాల్సిందే.

డెల్టా పడవకు మొగ్గు విడి కంట్రోలరు వైపే ఉండాలి. గడ్డకట్టించిన కంట్రోలరే కొని, దానికి జోడీ ఒకటి పొడి డబ్బాలో పడవలోనే ఉంచుకోవడం మేలు. నది మధ్యలో నాలుగు బోల్టులు, మూడు వైర్లు మార్చుకుంటే పడవ కదులుతుంది. మోటారు మాత్రం విప్పదగినదై ఉండాలి: 6203, 6204 లాంటి అంగట్లో దొరికే బేరింగులు, కొలత అచ్చేసి ఉన్న సీలు, బోల్టులతో మూసే ఒళ్లు. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు పోతుందని కాదు, సీలు నంబరెంతని.

కేరళలో నడిచింది ఇక్కడ నడుస్తుందా

పోలికకు ఎప్పుడూ కేరళే ముందుకొస్తుంది. వేంబనాడు కాయలులో వైకం, తవణక్కడవు మధ్య 2017 జనవరిలో మొదలైన 'ఆదిత్య' 75 మంది ఎక్కే సోలార్ పడవ. 20 కిలోవాట్ల మోటార్లు రెండు, 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. 2023 ఏప్రిల్‌లో కొచ్చి వాటర్ మెట్రో మొదలైంది. ఇవి నిలబడటానికి ఒక కారణం జంట ఏర్పాటు: ఒక మోటారు ఆగినా రెండోది ఒడ్డు చేరుస్తుంది. మరో కారణం వెనక ఒక సంస్థ, దాని యార్డు, జీతం మీద పనిచేసే సాంకేతిక సిబ్బంది ఉండటం. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు లాంటి పెద్ద రేవుకు ఆ నమూనా ఆలోచించవచ్చు. లంక రైతు పడవకు అది అందదు. అతని యార్డు ఊళ్లోని వైండింగు షాపే.

హఠాత్తుగా ఆగడమనే ఇబ్బంది

డీజిల్ ఇంజను చెడేముందు మొరాయిస్తుంది, సరంగుకు చెవిలోనే తెలిసిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా కొంత మర్యాదస్తురాలే: ఖాళీ అవుతుంటే వోల్టేజీ జారి పడవ మెల్లబడుతుంది. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడూ, ఇరవై శాతం దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. చివర్లో బీఎంఎస్ ఒక్కసారిగా కట్ చేస్తుంది. వోల్టుమీటరు చూసి అంచనా వేసేవాడు నడి నదిలో నిలిచిపోతాడు. లోపలికీ బయటికీ పోయిన ఆంపియర్లు లెక్కగట్టే మీటరు పెట్టుకోవాలి. గడ, తెడ్డు, లంగరు పడవలోంచి తీసేయకూడదు.

అలా నిలిచిన పడవను మరబోటుకు కట్టి లాగించేటప్పుడు మోటారును నీటిపైకి ఎత్తాలి. లాగుతుంటే ఫ్యాను తిరిగి మోటారు జనరేటరవుతుంది. కంట్రోలరులో మాస్‌ఫెట్ ముందే అతుక్కుని ఉంటే ఆ కరెంటు లోపలే తిరిగి వైండింగును వేడెక్కిస్తుంది. కంట్రోలరుతో పోయేది మోటారు దాకా వస్తుంది.

ఎప్పుడు విప్పాలి

కాలువ పడవలకు మంచి అవకాశం ఉంది. రబీ ముగిశాక ఏప్రిల్ ప్రాంతంలో కాలువలు కట్టేసి, సార్వాకు జూన్‌లో వదులుతారు. ఆ మధ్య పడవకు ఎలాగూ పనుండదు. ఏటా అప్పుడు సీలు మార్చి, బేరింగు చూసి, లగ్గులు కొత్తగా వేయించుకోవచ్చు. షాపుల్లో మాత్రం ముందే చెప్పుకోవాలి, ఎండాకాలం ఏరేటరు మోటార్లు వరసకట్టి ఉంటాయి.

పాయల్లో, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర తిరిగే పడవలకు ఈ విరామం లేదు. పైగా కాలువలు కట్టేసిన ఆ నెలల్లోనే వాటి నీటిలో ఉప్పు అన్నిటికన్నా ఎక్కువ. వాటికి సీలు మార్పు వేసవికి ముందే, మార్చిలోపే అయిపోవాలి. వరద తగ్గి ఒండ్రు రుద్దుడు ఆగాక అక్టోబరులో మరోసారి విప్పి చూడాలి.